వెంట్రుక మోటు కొలత

హెల్యు బల్ల మీద కోడిగుడ్ల అట్టపెట్టె.
గుడ్లు లేవు. ఒక్కో గుంటలో ఒక్కో సిలిండర్ హెడ్,
కోటు గుండీ కంటే కాస్త పెద్దది, అంతే.
అడుగున సూదితో గీసిన అంకెలు, ఒకటి నుంచి ఏడు దాకా.
నాలుగు లేదు. నాలుగు ఫిబ్రవరిలో పగిలింది.
దాని ముక్క ఇప్పటికీ షెడ్డు తలుపు చెక్కలోనే ఉంది,
ఎవరూ పీకలేదు.

కొలత పరికరాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసిన చేతులు ఆమెవి.
వెంట్రుకవాసి తేడా అంటారే,
ఆ బల్ల దగ్గర వెంట్రుక మోటు కొలత.

పిస్టన్ పైకొచ్చి ఆగేచోట
దానికీ హెడ్‌కీ మధ్య ఎంత సందుందో కంటికి అందదు.
ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి సీసపు తీగ దూర్చి
చక్రాన్ని ఒక్కసారి తిప్పుతుంది.
నలిగిన తీగ అబద్ధం చెప్పదు.
"పదిహేడు," అంటుంది, మిల్లీమీటరులో వందో వంతులు.
ఏడోదానికి అంచు వెడల్పు చేసింది, గిన్నె లోతు తగ్గించింది,
సిరంజితో నూనె పోసి చుక్కలు లెక్కపెట్టింది.
"ఒక చుక్క తక్కువ పట్టింది,"
పసివాడు పాలు సరిగా తాగలేదన్నంత దిగులుగా.

ఏప్రిల్ చివరి ఆదివారం. తాలిన్ శివార్లలో కాంక్రీటు వలయం.
నడుమ ఇనుప స్తంభం, స్తంభానికి ఉక్కు తీగ,
తీగ కొసన చేపలాంటి కారు.
డ్రైవరు లేడు. స్టీరింగు లేదు. వెళ్లాల్సిన ఊరూ లేదు.
ఆమె అన్న ఉర్మాస్ పొడవాటి కర్రతో వెనకనుంచి తోస్తూ పరిగెడతాడు,
అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లతో.
తీగ బిగిసేదాకా నేనూ దానితోపాటే తిరిగి
ఆపైన స్తంభానికి అతుక్కుపోతాను.
మొదట దగ్గు. తర్వాత ఏడుపు. ఆ తర్వాత
చెవి చప్పుడని ఒప్పుకోని ఒక సన్నటి గీత.

ఎనిమిది చుట్లు. ఐదువందల మీటర్లు.

పొద్దున పాత హెడ్‌తో రెండువందల యాభై ఒకటి.
మధ్యాహ్నం ఏడోదానితో
రెండువందల యాభై తొమ్మిది!
ఉర్మాస్ కర్రను గాల్లోకి విసిరాడు.
స్వీడన్ వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకడు
మర్యాదకు దగ్గరకు రాకుండా, మెడ మాత్రం సాచాడు.

హెల్యు ప్లగ్గు విప్పి భూతద్దం కింద పెట్టింది.
లోపలి తీగ మెరుస్తోంది. మాడలేదు, మెలిపడలేదు.
"పాతది మళ్లీ బిగించండి."

"మతి పోయిందా?" అన్నాడు అన్న.
"పొద్దున తడిగాలి. బారోమీటర్ అప్పుడెక్కడుంది,
ఇప్పుడెక్కడుంది, చూశావా?"
చూడలేదు. ఎవరం చూడలేదు.
గెలుస్తున్నవాడు బారోమీటర్ వైపు చూడడు.

ఆరు మరలు. విప్పడం, తుడవడం,
ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించడం.
ఉర్మాస్ ఆ పావుగంటా మాట్లాడలేదు,
ఆవపిండి రాసిన సాసేజి ముట్టుకోలేదు.

పాత హెడ్: రెండువందల యాభై ఏడు.

ఉర్మాస్ చెవుల మూతలు తీయలేదు,
తీస్తే ఎవరైనా జాలిగా ఏదో అంటారని.
నవంబరు నుంచి కాచిన రాత్రులు,
వేలికొనల్లో దిగిన అల్యూమినియం రజను,
తలుపులో ఆ ముక్క,
ఇన్నిటికీ రావలసిన ఫలితాన్ని
గాలి ఒక్క పూటలో ఉచితంగా పంచిపెట్టింది,
మాకూ, స్వీడన్ వాళ్లకూ సమానంగా.

హెల్యు మొహంలో ఓటమి కోసం వెతికాను.
ఆమె అప్పటికే తల వంచి
ఏడోది మళ్లీ బిగిస్తోంది.

రెండువందల యాభై తొమ్మిది.

గళ్ల పుస్తకంలో పెన్సిలుతో రాసింది:
ఆకాశం ఆరు.
మేము రెండు.
ఆ రెండు వైపు చాలాసేపు చూసి
పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

తిరుగు దారిలో, వెనక సీట్లో,
చల్లారిన సాసేజి నములుతూ ఉర్మాస్ అడిగాడు:
"ఎనిమిదోదానికి అంచు ఎంత పెడుతున్నావు?"